కట్టెల స్టవ్ చుట్టూ చెక్క నేలను కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న: మేము కొన్న పాత ఇంట్లో హాలంతా ఓక్ చెక్క నేల ఉంది. ఒక మూలన అద్దం తలుపున్న పోత ఇనుము కట్టెల స్టవ్ ఉంది. దాని కాళ్లు నాలుగు అంగుళాల ఎత్తు ఉంటాయి. కింద టైల్స్ అతికించిన పలక ఒకటి ఉంది గానీ అది తలుపు ముందు ఆరంగుళాలకు మించి రాలేదు. ఒక చలికాలం గడిచేసరికి ఆ పలక అంచు దాటగానే నేల మీద మిరియపు గింజంత నల్లటి మచ్చలు నాలుగైదు పడ్డాయి. స్టవ్ దగ్గరి చెక్కల మధ్య సందులు తెరుచుకున్నాయి. కట్టెలు పెట్టే ఇనుప బుట్ట కింద నీలి నలుపు మరక కనిపిస్తోంది. ఇనుప రేకు పరిస్తే చాలని మా మామగారు అంటున్నారు. మందపాటి రగ్గు వేద్దామని మావారు అంటున్నారు. సందుల్లో పుట్టీ నింపించమని వడ్రంగి చెప్పారు. వీటిలో ఏది చేయమంటారు? — ఒక పాఠకురాలు

జవాబు: మీరు చెప్పిన మూడు గుర్తులకూ కారణాలు వేరు వేరు. మిరియపు గింజంత మచ్చలు తలుపు తెరిచినప్పుడు బయటికి ఎగిరిపడిన నిప్పురవ్వలవి. చెక్కల మధ్య సందులు గదిలోని గాలి ఆరిపోవడం వల్ల పడినవి. ఇనుప బుట్ట కింది మరక తడి, ఇనుము, ఓక్ చెక్కలో సహజంగా ఉండే టానిన్ మూడూ కలిసినప్పుడు ఏర్పడేది. కాబట్టి రేకు, రగ్గు, పుట్టీలలో ఏ ఒక్కటీ మూడింటికీ మందు కాదు. వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి ఉంది. అది పైకి కనిపించేది కాదు గనుక మీ ఉత్తరంలోకి రాలేదు. స్టవ్ అడుగున, ఆ టైల్స్ పలక కింద ఉన్న చెక్క ఇప్పుడు ఏ స్థితిలో ఉందో ముందు తెలియాలి. అది తేలి, పలక సరైన కొలతకు వచ్చేవరకు దయచేసి స్టవ్ వెలిగించవద్దు. తలుపు ముందు ఆరంగుళాల రక్షణ ఏ లెక్కన చూసినా చాలదు.

చెక్కకు నిప్పు అంటుకోవాలంటే మామూలుగా 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆ అంకె చూసి చాలామంది ధైర్యంగా ఉంటారు. కానీ అంతకంటే చాలా తక్కువ వేడి కూడా రోజూ గంటల తరబడి, ఏళ్ల తరబడి తగులుతూ ఉంటే చెక్కలోని తేమ పూర్తిగా పోయి, దాని గుణమే క్రమంగా మారుతుంది. మొదట గోధుమ రంగుకు తిరుగుతుంది, తరువాత నల్లబడి పెళుసుబారుతుంది, అలా బొగ్గుగా మారే దారిలో ఉన్న చెక్క కొత్త చెక్క కంటే సులభంగా అంటుకుంటుంది. స్టవ్‌ల నిబంధనలు చెక్కకు తగిలే వేడిని అంటుకునే స్థాయికి చాలా దిగువనే ఆపడానికి కారణం ఇదే. ఉదాహరణకు బ్రిటన్ నిబంధనల ప్రకారం స్టవ్ తన కింది వేదికను 100 డిగ్రీలకు మించి వేడి చేయదని పరీక్షలో తేలితేనే 12 మిల్లీమీటర్ల పలుచని పలకకు అనుమతి ఉంటుంది. అలా తేలకపోతే 125 మిల్లీమీటర్ల మందం గల, నిప్పు అంటని గట్టి వేదిక కట్టవలసిందే.

అందువల్ల మొదటి పని, స్టవ్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు తెలిసిన పనివాళ్ల చేత దానిని పక్కకు జరిపించి, పలకను పైకి లేపించి చూడడం. పోత ఇనుము స్టవ్ 100 కిలోల నుంచి 250 కిలోల దాకా బరువు ఉంటుంది. దానిని కాళ్ల మీద ఈడ్చితే ఓక్ నేలపై పడే గీతలు పాలిష్‌తో పోయేవి కావు, పైగా కాళ్లు విరిగే ప్రమాదం కూడా ఉంది. జరిపే దారి పొడవునా ప్లైవుడ్ పరిచి, చక్రాల బండి మీద ఎక్కించి కదపమనండి. పొగగొట్టాన్ని విప్పి తిరిగి బిగించే పని కూడా ఇందులో ఉంది కాబట్టి ఇది ఇంట్లోవాళ్లు సొంతంగా చేసుకోదగిన పని కాదు. పలక లేపాక రెండు సంగతులు గమనించండి. మొదటిది చెక్క రంగు. గోధుమ రంగు నీడలు, మొసలి చర్మంలా చిన్న చిన్న పగుళ్లు, గోటితో గీస్తే పొడిగా రాలడం కనిపిస్తే ఆ చెక్కను తీసి కొత్తది వేయించవలసిందే. రెండోది పలక అడుగు. పాత ఇళ్లలో చాలాచోట్ల ఒక ప్లైవుడ్ ముక్క మీద టైల్స్ అతికించి దానినే రక్షణ పలకగా పెట్టారు. ప్లైవుడ్ కూడా కాలేదే కనుక అటువంటి పలక మీద భరోసా పెట్టుకోకండి.

ఇక కొత్త పలక ఎలా ఉండాలో చెబుతాను. హార్త్ ప్యాడ్ అనే ఈ పలకలలో రెండు రకాలు ఉన్నాయని చాలామందికి తెలియదు. అమెరికాలో వాటిని పరీక్షించే యూఎల్ 1618 ప్రమాణం ఈ రెండింటినీ విడిగా చూస్తుంది. మొదటి రకం నిప్పురవ్వలనూ కణికలనూ నేలకు తగలకుండా ఆపుతుంది, అంతే. రెండో రకం ఆ పని చేస్తూనే స్టవ్ అడుగు నుంచి దిగే వేడిని కూడా అడ్డుకుంటుంది. మీకు ఏది కావాలో మీ స్టవ్ చెబుతుంది. దాని వెనక వైపునో, ఒక పక్కనో రివెట్లతో బిగించిన చిన్న లోహపు రేకు ఉంటుంది, దాని మీద మోడల్ నంబరు, గోడల నుంచి ఉంచవలసిన దూరాలు, నేల రక్షణ వివరాలు అచ్చై ఉంటాయి. మసి పట్టి కనిపించకపోతే తడి గుడ్డతో తుడిచి చూడండి. మోడల్ నంబరు దొరికితే తయారీదారు నుంచి మాన్యువల్ తెప్పించుకోవచ్చు. అందులో రవ్వల నుంచి రక్షణ చాలని ఉంటే మీ పని సులువు. లేదా ఫలానా ఆర్-విలువ గల పలక కావాలని ఒక అంకె ఇచ్చి ఉంటే అక్కడ జాగ్రత్తగా లెక్క వేయాలి.

ఆర్-విలువ అంటే వేడిని అడ్డుకునే శక్తికి కొలత. ఒక పొర మందాన్ని దాని ఉష్ణవాహకతతో, అంటే కె-విలువతో భాగిస్తే అది వస్తుంది. ఒకదాని మీద ఒకటి వేసిన పొరల ఆర్-విలువలను కూడితే మొత్తం పలక విలువ తేలుతుంది. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. టైల్స్, గ్రానైట్, పాలరాయి మంటకు కాలవు గనుక అవి వేడిని ఆపుతాయని అనుకుంటారు. నిజానికి అవి వేడిని పీల్చుకుని నెమ్మదిగా కిందికి దించేస్తాయి, టైల్ ఆర్-విలువ దాదాపు సున్నా. అరంగుళం సిమెంటు బోర్డు కూడా, తయారీని బట్టి, 0.2 నుంచి 0.4 వరకే ఇస్తుంది. మాన్యువల్‌లో 1.5 అడిగితే సిమెంటు బోర్డులనే పేర్చుకుంటూ పోవడం తెలివైన పద్ధతి కాదు. అరంగుళం మందంలోనే సుమారు 1 ఆర్-విలువ ఇచ్చే ఖనిజ నార బోర్డులు ఉన్నాయి. అవి మెత్తగా ఉంటాయి కాబట్టి వాటిని అడుగున వేసి, పైన సిమెంటు బోర్డు పరిచి, దాని మీద టైల్స్ అతికిస్తే బరువూ మోస్తుంది, వేడీ ఆగుతుంది. ఏ బోర్డు కొన్నా దాని మీదో, దానితో వచ్చిన పత్రంలోనో అచ్చైన విలువనే లెక్కలోకి తీసుకోండి, అమ్మేవారి నోటి మాటను కాదు. ఇంకొక హెచ్చరిక కూడా ఉంది. పైన నేను చెప్పిన ఆర్-విలువలు అమెరికా పద్ధతివి. అమెరికా పద్ధతి ఆర్-విలువ వేరు, మెట్రిక్ ఆర్-విలువ వేరు, మెట్రిక్ అంకెను 5.68తో గుణిస్తే అమెరికా అంకె వస్తుంది. స్టవ్ మాన్యువల్ ఒక పద్ధతిలోనూ బోర్డు పత్రం మరొక పద్ధతిలోనూ ఉంటే ఈ తేడా గమనించకపోవడం పెద్ద పొరపాటు అవుతుంది.

స్టవ్ మీద ఆ లోహపు రేకే లేకపోతే, అంటే అది ఏ పరీక్షకూ వెళ్లని పాతకాలపు స్టవ్ అయితే, అందరికీ వర్తించే సాధారణ నియమాలను పాటించాలి. అమెరికాలో వాడే ఎన్‌ఎఫ్‌పీఏ 211 ప్రమాణం ఇటువంటి స్టవ్‌లను కాళ్ల ఎత్తును బట్టి విభజిస్తుంది. అడుగున ఆరంగుళాలకు మించి ఖాళీ ఉంటే రెండంగుళాల మందం గల ఇటుకలనో రాళ్లనో సందు లేకుండా పేర్చి, పైన 24 గేజి ఇనుప రేకు పరిస్తే సరిపోతుంది. మీ స్టవ్ లాగా రెండు నుంచి ఆరంగుళాల మధ్య ఉంటే నాలుగంగుళాల మందం గల బోలు ఇటుకలను, వాటి రంధ్రాలు ఒక చివర నుంచి మరో చివరకు కలిసి గాలి పారేలా పేర్చి, ఆ పైన అదే రేకు పరచాలి. రెండంగుళాల కంటే తక్కువ ఉంటే ఆ స్టవ్‌ను చెక్క నేల మీద పెట్టనే కూడదు. ఈ రక్షణ స్టవ్‌కు అన్ని వైపులా 18 అంగుళాలు విస్తరించాలి, కాలే గోడలకూ సామానుకూ 36 అంగుళాల దూరం ఉండాలి. ఇటుకల వల్ల స్టవ్ నాలుగంగుళాలు పైకి లేస్తుంది కాబట్టి పొగగొట్టాన్ని కూడా తిరిగి అమర్చవలసి వస్తుంది.

మీ మామగారి మాటలో సగం నిజం ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది. ఇనుప రేకు నియమాలలో ఉన్నదే, కానీ దాని చోటు ఇటుకల పైన, వాటి మధ్య పారే గాలికి పైన. నేరుగా చెక్క మీద పరిచిన రేకు రవ్వను చెక్కకు తగలనివ్వదు గానీ వేడిని ఏమాత్రం ఆలస్యం చేయకుండా కిందికి చేరవేస్తుంది. పలుచని రేకు కొన్నాళ్లకు అంచుల దగ్గర పైకి లేస్తుంది, దాని కిందికి రవ్వ దూరితే మీ కంటికి ఆనదు. మాన్యువల్ రవ్వల రక్షణ ఒక్కటే అడిగిన సందర్భంలో మాత్రం తగిన మందం గల, అంచులు నేలకు అంటి ఉండే రేకు ముందు భాగానికి సరిపోవచ్చు. ఈ సంగతి వారితో చెప్పేటప్పుడు ఆ తేడా కూడా వివరించండి.

కొలతల విషయానికి వస్తే, పరీక్షలో నెగ్గిన స్టవ్‌కు సాధారణంగా అమెరికాలో తలుపు ముందు 16 అంగుళాలు, తక్కిన వైపులా 8 అంగుళాలు అడుగుతారు. కెనడాలో ముందు 450 మిల్లీమీటర్లు, అంటే సుమారు 18 అంగుళాలు, పక్కల 200 మిల్లీమీటర్లు కావాలి. బ్రిటన్‌లో తలుపు మూసి వాడే స్టవ్‌కు ముందు 225, పక్కల 150 మిల్లీమీటర్లు. ఈ దూరాన్ని స్టవ్ కాళ్ల నుంచి కాక కట్టెలు వేసే తలుపు నుంచి కొలవాలి. పక్కన కూడా తలుపు ఉంటే ఆ వైపు కూడా ముందు వైపు కొలతే వర్తిస్తుంది. పొగగొట్టం స్టవ్ నుంచి అడ్డంగా వెళ్లే చోట దాని కింద కూడా పలక ఉండాలి, గొట్టానికి రెండు పక్కలా రెండంగుళాలు ఎక్కువ రావాలి. ఇవన్నీ కనీసపు కొలతలు. చోటు ఉంటే ముందు వైపు 24 అంగుళాలు పెట్టించుకోమని నా సలహా. దొర్లిపడిన దుంగ పడిన చోటనే ఆగదు, రెండు పల్టీలు కొట్టి ఆగుతుంది.

పాత పలకను అలాగే ఉంచి ముందు ఒక ముక్క చేర్చుదామనే ఆలోచన వస్తుంది. రెండు పలకల మధ్య వెంట్రుకవాసి సందు ఉన్నా కణిక అందులోకే దిగుతుంది. అలా చేర్చక తప్పకపోతే అతుకు కింద అడ్డంగా ఒక లోహపు పట్టీ వేసి, అతుకును గ్రౌటుతో పూర్తిగా నింపాలి. నా మాట వింటే ఒకే పలకగా కొత్తది కట్టించుకోండి. పలక అంచుకు చెక్క పట్టీ బిగించే అలవాటు ఉంది, చూడడానికి బాగుంటుంది గానీ ఆ చెక్కను రక్షణ కొలతలో కలపకూడదు. పలకను నేలలోకి దించి అమర్చుతుంటే, చెక్క తేమకు ఉబ్బినప్పుడు చోటు కావాలి కాబట్టి చుట్టూ 10 నుంచి 12 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, దాని మీద లోహపు పట్టీని ఒక వైపు మాత్రమే బిగించి కప్పాలి. మీది మేకులతో బిగించిన నేల కాక, కింద అతికించకుండా తేలుతూ ఉండే ఫ్లోటింగ్ రకం అయితే స్టవ్ బరువు దానిని ఒకచోట నొక్కిపట్టి, కదలలేక వేరొక చోట ఉబ్బేలా చేస్తుంది. అప్పుడు స్టవ్ ఉన్న మేరకు ఆ నేలను కోసి తీయించి, గట్టి ఆధారం మీదనే పలక కట్టించాలి. ఇటుకలు, రాయి వంటి బరువు కొత్తగా చేరుతున్నప్పుడు నేలను మోసే దూలాల శక్తిని కూడా ఒకసారి చూపించుకోండి.

రగ్గును రక్షణగా లెక్కపెట్టకండి. నైలాను, పాలిస్టర్ రగ్గు రవ్వ తగలగానే కరిగి నేల పాలిష్‌కు అంటుకుపోతుంది. ఉన్ని రగ్గు మేలు. ఉన్ని సులభంగా మండదు, రవ్వ పడిన చోట మాడి తనంతట తానే ఆరిపోతుంది. గాజు నారతో నేసినవి కూడా ఉన్నాయి. అయినా వీటిలో ఏదీ పలకకు బదులు కాదు, పలక దాటిన తరువాత పరుచుకునే అదనపు జాగ్రత్త మాత్రమే. పైగా రగ్గు కింద ఏం జరుగుతోందో కనిపించదు. రబ్బరు అడుగున్న రగ్గులను ఓక్ నేల మీద ఎన్నడూ వేయకండి, ఆ రబ్బరులోని పదార్థాలు పాలిష్‌లోకి దిగి పసుపు మరకలు పడతాయి. ఉన్ని ఫెల్ట్ అడుగు గలవి వాడండి.

పలక ఎంత పెద్దదైనా రవ్వలు బయటికి రాకుండా చూసుకోవడం అంతకంటే ముఖ్యం. అది చాలావరకు తలుపు తెరిచే పద్ధతిలో ఉంది. తలుపును ఒక్కసారిగా లాగితే గదిలోని గాలి లోపలికి దూసుకుపోయి, నిప్పులను కదిలించి, పొగనూ రవ్వలనూ వెనక్కి చిమ్ముతుంది. ముందు గాలి కంతను పూర్తిగా తెరవండి. తరువాత తలుపును అంగుళం మేర తీసి, పొగ గొట్టం వైపు తిరిగేవరకు కొన్ని క్షణాలు ఆగండి. ఆ తరువాతే నెమ్మదిగా పూర్తిగా తెరవండి. దుంగలను అద్దానికి ఆనేలా ఎప్పుడూ పేర్చకండి, సగం కాలిన దుంగ కుంగి తలుపు మీదికి ఒరిగి ఉంటుంది, తెరవగానే బయటికి దొర్లుతుంది. తలుపు తెరిచి ఉంచి పక్క గదిలోకి వెళ్లడం, అర నిమిషానికైనా, మానుకోండి.

కట్టెల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. కట్టెలో తేమ 20 శాతం కంటే తక్కువ ఉండాలి. చిన్న తేమ మీటరుతో కొలిచేటప్పుడు కట్టె పై భాగాన్ని కాకుండా, దానిని అప్పుడే చీల్చి లోపలి ముఖాన్ని కొలవాలి. పై భాగం ఎండినట్టు కనిపించినా లోపల పచ్చి ఉండవచ్చు. లోపల చిక్కిన తేమ ఆవిరై పగలడం వల్లనే చిటపటలు, రవ్వలు. పైన్ వంటి జిగురు చెట్ల కట్టెలు ఎండినా ఎక్కువగా చిట్లుతాయి కాబట్టి వాటిని అంటించడానికి చితుకులుగా వాడి, తరువాత చేవ గల గట్టి కట్టెలు వేయడం మేలు. తలుపు చుట్టూ ఉండే తాడు సీలును కూడా పరీక్షించండి. చల్లగా ఉన్నప్పుడు ఒక కాగితపు పట్టీని మధ్యలో పెట్టి తలుపు మూసి లాగితే అది బిగుతుగా పట్టుకోవాలి. సులభంగా జారి వస్తే ఆ తాడు మార్చే సమయం వచ్చినట్టే.

పలక మీద ఎల్లప్పుడూ ఒక పొడవాటి పటకారు, చిన్న పార, మందపాటి తోలు చేతొడుగు ఉండాలి. కణిక చెక్క మీద పడితే కాలితో తొక్కకండి. తొక్కితే అది నాలుగు ముక్కలై చెక్క నారలోకీ సందుల్లోకీ దిగుతుంది. పటకారుతో పట్టుకోండి, లేదా పారతో ఎత్తి తిరిగి స్టవ్‌లోనే వేయండి. ఆ తరువాత ఆ చోట కాసేపు చూస్తూ ఉండండి. మీ నేలలో సందులు ఉన్నాయి, వాటిలో ఏళ్ల నాటి దూది, దుమ్ము చేరి ఉంటాయి, అందులో పడిన చిన్న రవ్వ కంటికి కనబడకుండా రాజుకోవచ్చు. స్టవ్ చల్లారి ఉన్న రోజున ఆ సందులను సన్నటి మూతి గల వాక్యూమ్ క్లీనరుతో శుభ్రం చేయించండి.

వాక్యూమ్ క్లీనరును బూడిదకు మాత్రం వాడకండి. నివురు గప్పిన నిప్పు బూడిదలో రోజుల తరబడి సజీవంగా ఉంటుంది, దానిని పీల్చిన యంత్రం లోపలి సంచే అంటుకుంటుంది. బూడిదను బిగుతైన మూత గల లోహపు బకెట్టులోకి ఎత్తి, వెంటనే ఇంటి బయట, మట్టి లేదా కాంక్రీటు మీద, గోడలకు దూరంగా పెట్టాలి. ఆ బకెట్టును ఒక్క పూటకైనా చెక్క నేల మీద గాని, చెక్క వరండా మీద గాని ఉంచకూడదు, దాని అడుగు వేడి నేరుగా చెక్కకు దిగుతుంది. నేల మీద రాలిన బూడిదను ముందుగా పొడి కుచ్చు చీపురుతో ఎత్తండి, తడిగుడ్డతో మొదలుపెట్టకండి. బూడిద క్షారం, నీటితో కలిసి ఓక్ మీద నిలిస్తే పాలిష్ మెరుపు పోతుంది, చెక్కను నల్లబరుస్తుంది కూడా.

ఇనుప బుట్ట కింది మరక కూడా ఇటువంటి తడి వల్లనే వచ్చింది. బయటి నుంచి తెచ్చిన కట్టెల నుంచి తడి కారి, బుట్ట కాళ్ల ఇనుము కొద్దికొద్దిగా కరిగి, ఓక్ టానిన్‌తో కలిసింది. ఇది కాలిన మరక కాదు కాబట్టి గీకితే పోదు. ఆ చోట పాలిష్ తీయించి ఆక్సాలిక్ ఆమ్లం ద్రావణంతో కడిగితే చాలావరకు తేలిపోతుంది. అది విషపదార్థం గనుక చేతొడుగులు, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి, తరువాత శుభ్రమైన నీటితో తుడిచి పూర్తిగా ఆరనిచ్చాకే పాలిష్ వేయాలి. ముందుగా కనబడని మూలలో పరీక్షించి చూడండి. ఇకముందు బుట్ట కింద అంచులున్న ట్రే పెట్టి, ట్రే అడుగున ఫెల్ట్ అతికించండి. ఒకటి రెండు రోజులకు సరిపడా ఎండు కట్టెలు మాత్రమే లోపలికి తెచ్చుకోండి. స్టవ్‌కు 36 అంగుళాల లోపు ఆ బుట్టను ఉంచకండి.

ఇప్పుడు సందుల సంగతి. చలికాలపు గాలి వేడెక్కినప్పుడు దాని సాపేక్ష తేమ బాగా పడిపోతుంది, చెక్క తనలోని తేమను ఆ గాలికి ఇచ్చి కుంచించుకుంటుంది. ఐదంగుళాల వెడల్పున్న ఓక్ నేల చెక్కలో తేమ నాలుగు శాతం తగ్గితే దాని వెడల్పు సుమారు 2 మిల్లీమీటర్లు తగ్గగలదు. స్టవ్‌కు దగ్గరగా ఉన్న నేల చెక్కలు ఎక్కువ ఎండుతాయి కాబట్టి అక్కడే సందులు పెద్దవి. ఇప్పుడు పుట్టీ నింపితే వానాకాలంలో చెక్క తిరిగి ఉబ్బినప్పుడు అది నలిగి పైకి ఉబికి వస్తుంది, లేదా చెక్కల అంచులు ఒకదానినొకటి నొక్కుకుని పైకి లేస్తాయి. వడ్రంగి గారి సలహా చెడ్డది కాదు, కాలం మాత్రమే సరైనది కాదు. గదిలో ఒక తేమ మాపకం పెట్టి, సాపేక్ష తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండేలా హ్యూమిడిఫైయర్ వాడండి. స్టవ్ మీద నీళ్ల గిన్నె పెట్టడం వల్ల కొంత మేలు ఉంటుంది గానీ పెద్ద గదికి అది చాలదు. ఏడాది తిరిగేలోగా చాలా సందులు వాటంతట అవే మూసుకుంటాయి. తేమ కాలంలో కూడా తెరిచే ఉన్నవాటిలో సన్నటి ఓక్ చీలికలను ఒక వైపు అంచుకే జిగురు పెట్టి దించమనండి, రెండో వైపు చెక్క కదలడానికి వీలుగా ఉంటుంది.

కొత్త పలక మీద స్టవ్ నిలిపిన తరువాత, మొదటి పెద్ద మంట పెట్టిన రోజున రెండు మూడు గంటలు గడిచాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో పలక అంచు దగ్గరి చెక్కను, తలుపు ఎదుటి చెక్కను కొలిచి రాసిపెట్టుకోండి. మెరిసే లోహం మీద ఈ పరికరం తప్పు అంకె చూపిస్తుంది కాబట్టి అటువంటి చోట కాగితపు టేపు ముక్క అతికించి దానిని కొలవాలి. చెక్క 50 డిగ్రీలు దాటుతుంటే మంట తగ్గించండి. అది ప్రతిసారీ జరుగుతుంటే పలక ఇంకా పెద్దది కావాలి, లేదా అద్దం నుంచి వచ్చే వేడికి అడ్డు కావాలి. నేల అడుగు భాగం కింది అంతస్తు నుంచి కనిపించే ఇల్లయితే స్టవ్‌కు సరిగ్గా కింద ఉన్న చెక్కను కూడా చేత్తో తాకి, రంగు మారిందేమో ఏటా ఒకసారి చూడండి.

చివరిగా ఆ మిరియపు గింజంత మచ్చలు. కొత్త పలకను 18 అంగుళాలకో 24 అంగుళాలకో పెంచితే అవి దాదాపు అన్నీ దాని కిందికే వెళ్లిపోతాయి, వాటి కోసం హాలంతా పాలిష్ పట్టించే ఖర్చు పెట్టుకోనక్కర లేదు. కానీ కప్పేయడానికి ముందు ఒక్కొక్క మచ్చను పదునైన బ్లేడును నిలువుగా పట్టి మెల్లగా గీకండి. అర మిల్లీమీటరు లోతులోనే లేత చెక్క బయటపడితే అది రవ్వ చేసిన పైపై గాయమే, కాస్త నూనెపాలిష్ రాసి వదిలేయవచ్చు. ఎంత గీకినా నలుపే వస్తుంటే ఆ నేల చెక్క కిందివరకు మాడి ఉండవచ్చు, అప్పుడు ఆ ఒక్క చెక్కను తీయించి, అడుగున ఏముందో చూసిన తరువాతే పైన కొత్త పలక కట్టడం మొదలుపెట్టమని పనివాళ్లతో చెప్పండి.